చట్టం చూపించమన్న న్యాయమూర్తి: కోకా సుబ్బారావు తీర్పులను ఇప్పుడు చదివితే

1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక పాస్‌పోర్టు కేసులో 3–2 తేడాతో తీర్పు చెప్పింది. వాహనాల విడిభాగాల వ్యాపారం చేసే సత్వంత్ సింగ్ సాహ్నీని పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించగా, ఆయన ఆ ఆదేశాన్ని సవాలు చేశారు. విదేశానికి వెళ్లడం కూడా వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, దాన్ని ఆపాలంటే ఒక చట్టం ఉండాలని, అధికారి ఇష్టాయిష్టాలు చట్టానికి బదులు కాజాలవని మెజారిటీ తరఫున ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాశారు. మరునాడే, అంటే ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేశారు. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలే ఉండగా, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడేందుకు న్యాయపీఠం దిగి వెళ్లారు.

సుబ్బారావు గురించి పొగడ్తగా చెప్పవలసిందీ, తప్పుపట్టవలసిందీ ఆ రెండు రోజుల్లోనే పక్కపక్కన కనబడతాయి. న్యాయమూర్తి మరణిస్తే కోర్టులో ఫుల్ కోర్ట్ రెఫరెన్స్ జరపడం మన దగ్గర ఆనవాయితీ. న్యాయమూర్తులందరూ ఒకే హాల్లో కూర్చుంటారు, నిలబడి మౌనం పాటిస్తారు, దివంగతుని నిష్పాక్షికతను, మృదుభాషిత్వాన్ని, జూనియర్ న్యాయవాదుల పట్ల చూపిన వాత్సల్యాన్ని కొనియాడతారు. ఆ మాటలు అబద్ధాలు కాకపోవచ్చు గాని, పేరు మార్చితే ఎవరికైనా సరిపోతాయి. న్యాయమూర్తి చేసిన ప్రజాసేవ ఆయన తీర్పుల్లో ఉంటుంది. ఏ తీర్పు నిలిచింది, ఏది కొట్టుకుపోయింది, కొట్టుకుపోయినదానిలో ఏ ముక్క ఎవరికి పనికొచ్చింది అని వెతికితేనే ఆ సేవ విలువ తెలుస్తుంది. ఆ లెక్కన చూస్తే సుబ్బారావు విషయంలో ఒక విచిత్రం ఎదురవుతుంది. ఆయనకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చిన మెజారిటీ తీర్పు ఆరేళ్లకే రద్దయింది. మిగతా న్యాయమూర్తుల్లో ఎక్కువమంది ఒప్పుకోక ఆయన ఓడిపోయి రాసిన మైనారిటీ తీర్పులు మాత్రం కాలక్రమంలో దేశపు చట్టంగా మారాయి.

ఆయన 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి అక్కడే ప్రాక్టీసు పెట్టారు. తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నారు ఆయనకు బావమరిది. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. (ఏది ఎక్కడ ఉండాలన్న ఆ పాత పంచాయితీ ఈ మధ్య మళ్లీ ఎంత దూరం వెళ్లిందో తెలుగువారికి చెప్పనక్కర్లేదు.) 1954 జూలై 5న గుంటూరులో మొదలైన హైకోర్టుకు సుబ్బారావే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాద్‌కు తరలినప్పుడు కూడా ఆ పదవిలో ఆయనే ఉన్నారు. మద్రాసు సంప్రదాయంలో పెరిగిన న్యాయవాదులను, హైదరాబాద్ సంస్థానపు న్యాయవ్యవస్థ నుంచి వచ్చినవారిని ఒకే కప్పు కిందికి తెచ్చే కాలమది. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు.

వెళ్లిన ఏడాదిలోనే సొంత రాష్ట్రం నుంచి ఒక బస్సుల కేసు ఆయన ముందుకు వచ్చింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు యజమానులు నడుపుతున్న బస్సు రూట్లను రోడ్డు రవాణా సంస్థ స్వాధీనం చేసుకోవడానికి ఒక పథకం సిద్ధమైంది. బస్సు యజమానుల అభ్యంతరాలను రవాణా శాఖ చూసే కార్యదర్శి విన్నారు. పథకాన్ని ఆమోదించే నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడిన ఈ వివాదంలో మెజారిటీ తీర్పు రాస్తూ సుబ్బారావు రెండు తప్పులు చూపించారు. ఏ శాఖ పథకంపై వివాదం నడుస్తోందో ఆ శాఖ అధిపతే విచారణకు కూర్చోవడం ఒకటి. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే వినడమనేదే ఉత్తుత్తి తంతు అవుతుందన్నది రెండవది. సాక్షి ముఖకవళికలు చూసినవాడు, వాదనలోని సందేహాలను అక్కడికక్కడే అడిగి తీర్చుకున్నవాడు తీర్పు చెప్పకపోతే ఆ విచారణకు అర్థమేమిటని ఆయన ప్రశ్న. పథకం ఆ రూపంలో చెల్లలేదు.

ఆ తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని మళ్లీ ఆమోదం తెలిపినప్పుడు, ఆ రెండో విడత వివాదంలో ముఖ్యమంత్రికి పక్షపాతం అంటగట్టాలన్న బస్సు యజమానుల వాదనను కోర్టు ఒప్పుకోలేదు. మొదటి తీర్పును మాత్రమే చూసినవారికి సుబ్బారావు ప్రైవేటు బస్సుల పక్షం వహించినట్టు అనిపించవచ్చు. రెండూ కలిపి చూస్తే ఆయన పట్టుబట్టింది పద్ధతి కోసమని తెలుస్తుంది. ప్రభుత్వం బస్సులు నడపకూడదని ఆయన ఎక్కడా అనలేదు. నడపాలనుకున్నప్పుడు చట్టం చెప్పిన దారిలో నడవమన్నారు. పరిపాలనా చట్టం చదివే విద్యార్థులు ఈనాటికీ సహజ న్యాయసూత్రాల పాఠంలో ఈ కేసు చదువుతారు.

ఆయన రచనల్లో అన్నిటికంటే ఎక్కువగా చర్చించవలసింది 1962 డిసెంబరు 18 నాటి ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో 1941లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశాక పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు తట్టి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూడటం, ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా పెట్టడం, ఊరు దాటితే ఎక్కడికి వెళ్లాడో వాకబు చేయడం, కదలికలన్నీ రాసిపెట్టుకోవడం నిత్యకృత్యమయ్యాయి. వీటన్నిటికీ పోలీసు నిబంధనల్లోని 236వ నిబంధన ఆధారం. అయితే ఆ నిబంధన వెనక శాసనసభ చేసిన చట్టమేదీ లేదు. అది శాఖాపరమైన ఆదేశాల పుస్తకంలోని ఒక పేజీ మాత్రమే.

ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో మెజారిటీ ఒక మధ్యేమార్గం పట్టింది. రాత్రిపూట ఇంటికి రావడం వ్యక్తిగత స్వేచ్ఛకు భంగమని దాన్ని కొట్టేసి, మిగిలిన నిఘా అంతటినీ ఉండనిచ్చింది. గోప్యత అనేది మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని స్పష్టంగా ప్రకటించింది. ఆ తీర్పులో ఒక అంతర్వైరుధ్యం ఉంది. గోప్యత హక్కు కానప్పుడు రాత్రి తలుపు తట్టడం మాత్రం ఎందుకు తప్పు? ఇల్లు మనిషి కోట అనే పాత న్యాయసూత్రాన్ని ఆసరా చేసుకుని మెజారిటీ దాన్ని దాటేసింది గాని, ఆ సూత్రం కాపాడుతున్నది గోప్యత కాకపోతే మరేమిటో చెప్పలేదు.

సుబ్బారావు ఆ దాటవేతను ఒప్పుకోలేదు. న్యాయమూర్తి జె.సి. షా కూడా సంతకం చేసిన ఆ మైనారిటీ తీర్పులో 236వ నిబంధన మొత్తం చెల్లదన్నారు. గోప్యత హక్కు అని రాజ్యాంగంలో విడిగా రాసి లేకపోయినా, వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని రాశారు. స్వేచ్ఛగా సంచరించే హక్కు గురించి ఆయన చెప్పిన మాట మరీ సూటిగా ఉంటుంది. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, అడుగడుగునా పోలీసు కన్ను వెంటాడుతుంటే అతనికి దేశమంతా జైలే అన్నది ఆ వాదన సారం. అడ్డంకి శరీరానికే తగలనక్కర్లేదు, మనసులో బెరుకు పుట్టించే నిఘా కూడా బంధనమేనని 1962లోనే చెప్పడం సామాన్యమైన విషయం కాదు. కంప్యూటర్లు, కెమెరాలు, సెల్‌ఫోన్లు లేని కాలంలో, ఓ పాత నేరారోపితుడి ఇంటి ముందు నిలబడ్డ కానిస్టేబుల్‌ని చూసి ఆయన ఆ నిర్ణయానికి వచ్చారు.

అదే మైనారిటీ తీర్పులో మరో మాట ఉంది. దాని ప్రభావం గోప్యత మాట కంటే పెద్దదని చెప్పవచ్చు. 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కులను వేర్వేరు గదులుగా చూసింది. జీవితం, వ్యక్తిగత స్వేచ్ఛల గురించిన 21వ అధికరణ ఒక గది, సంచారం, భావప్రకటన వంటి స్వేచ్ఛల 19వ అధికరణ మరో గది, ఒకదాని తలుపులోంచి మరోదానిలోకి దారి లేదు. సుబ్బారావు ఈ గోడలను కూలగొట్టారు. ఒక చర్య ఏకకాలంలో రెండు హక్కులనూ తాకవచ్చని, అలా తాకితే ప్రభుత్వం రెండిటికీ జవాబు చెప్పుకోవాలని వాదించారు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో కోర్టు గోపాలన్ దృక్పథాన్ని పక్కన పెట్టింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో ఆ గోడలు పూర్తిగా కూలాయి.

మేనకా గాంధీ కేసు మళ్లీ పాస్‌పోర్టు కేసే కావడం యాదృచ్ఛికం కాదు. సాహ్నీ తీర్పు వచ్చేవరకు మన దేశంలో పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా ప్రభుత్వ విచక్షణ. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఇచ్చింది ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి అని చెప్పే చట్టమే లేదు. చట్టం చూపించమని సుబ్బారావు అడిగిన కొద్ది నెలలకే పార్లమెంటు 1967 పాస్‌పోర్టుల చట్టం చేసింది. నిరాకరించడానికి కారణాలు ఇవీ అని, స్వాధీనం చేసుకోవడానికి కారణాలు ఇవీ అని, నిర్ణయంపై అప్పీలు ఉంటుందని అందులో రాశారు. ఆ చట్టం కిందనే పదేళ్ల తర్వాత మేనకా గాంధీ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోగా, ఆ వివాదంలో కోర్టు చట్టం ఉంటే సరిపోదని, ఆ చట్టం చెప్పే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని తేల్చింది. అంటే సుబ్బారావు మెజారిటీ తీర్పు వల్ల పుట్టిన చట్టం, ఆయన మైనారిటీ తీర్పులోని ఆలోచనకు గెలుపు తెచ్చిపెట్టిందన్నమాట. ఇవాళ డల్లాస్‌కో దుబాయికో వెళ్లడానికి పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టుకునే తెలుగు విద్యార్థి, వలస కార్మికుడు అది తమకు హక్కుగా రావలసినదని అనుకుంటారు. అలా అనుకోవడానికి చట్టంలో చోటు దొరికింది ఆ తీర్పు తర్వాతే.

వ్యక్తి స్వేచ్ఛను ఇంతగా పట్టించుకున్న న్యాయమూర్తి సామాజిక న్యాయం దగ్గరకు వచ్చేసరికి ఎటు నిలబడ్డారన్నది సహజమైన ప్రశ్న. 1963లో దేవదాసన్ కేసు దీనికి జవాబు చెబుతుంది. కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలు, తెగలకు కేటాయించి భర్తీ కాకుండా మిగిలిన ఖాళీలను తర్వాతి సంవత్సరాలకు బదలాయించే నిబంధనను ఆ కేసులో నలుగురు న్యాయమూర్తులు కొట్టేశారు. 16వ అధికరణలోని సమానావకాశం అసలు సూత్రమని, రిజర్వేషన్లకు వీలు కల్పించే నాలుగో క్లాజు దానికి మినహాయింపు మాత్రమేనని, మినహాయింపు అసలునే మింగేయకూడదని వారి వాదన. ఒంటరిగా విభేదించిన సుబ్బారావు ఆ చట్రాన్నే కాదన్నారు. నాలుగో క్లాజు మినహాయింపు కాదని, సమానావకాశాన్ని నిజం చేసే సాధనమేనని రాశారు. మేలుజాతి పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తిస్తే, కాగితం మీద ఇద్దరికీ సమాన అవకాశం ఇచ్చినట్టే ఉంటుంది గాని మామూలు గుర్రానికి నిజానికి అవకాశమే లేనట్టని పోలిక చెప్పారు.

ఈ ఒంటరి అభిప్రాయం పన్నెండేళ్లకు, 1975లో, ఎన్.ఎం. థామస్ కేసులో మెజారిటీ మద్దతు సంపాదించుకుంది. 1992 నవంబరు 16న మండల్ కేసుగా ప్రసిద్ధమైన ఇంద్రా సాహ్నీ తీర్పులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం నాలుగో క్లాజు మినహాయింపు కాదని ఖరారు చేసింది. ఆ ప్రధాన తీర్పు రాసింది మరో తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. తెలుగు నేల నుంచి ఢిల్లీకి వెళ్లిన ఇద్దరి చేతుల మీదుగా ఒకే ఆలోచన మైనారిటీ నుంచి మెజారిటీకి చేరిన తీరు న్యాయచరిత్రలో ఆసక్తికరమైన అధ్యాయం. తెలుగు రాష్ట్రాల్లో ఈ సంగతికి దక్కిన ప్రచారం మాత్రం చాలా తక్కువ.

ఇక గోలక్‌నాథ్. సుబ్బారావు పేరు చెప్పగానే న్యాయవిద్యార్థి నోట ముందుగా వచ్చేది ఈ కేసే. పంజాబ్‌లోని జలంధర్ ప్రాంతానికి చెందిన గోలక్‌నాథ్ కుటుంబానికి ఉన్న వందల ఎకరాలను 1953 నాటి భూచట్టం కింద మిగులు భూమిగా ప్రకటించారు. ఆ చట్టానికి రక్షణ కల్పించిన రాజ్యాంగ సవరణలే చెల్లవని ఆ కుటుంబం వాదించింది. ప్రాథమిక హక్కులను సవరించే అధికారం పార్లమెంటుకు ఉందని 1951లో శంకరీ ప్రసాద్ కేసులోను, 1964లో సజ్జన్ సింగ్ కేసులోను కోర్టు అప్పటికే చెప్పి ఉంది. పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1967 ఫిబ్రవరి 27న 6–5 తేడాతో ఆ రెండు తీర్పులనూ తిరగదోడింది. హక్కులను హరించే ఏ చట్టమూ చెల్లదని 13వ అధికరణ చెబుతోందని, రాజ్యాంగ సవరణ కూడా ఒక చట్టమేనని, కాబట్టి సవరణ పేరుతో సైతం ప్రాథమిక హక్కులను తగ్గించడానికి వీల్లేదని సుబ్బారావు, మరో నలుగురు తేల్చారు. మరో న్యాయమూర్తి హిదాయతుల్లా విడిగా రాసి వారితో కలిశారు.

అయితే అప్పటికే దేశంలో పదిహేడేళ్లుగా జమీందారీ రద్దు, భూసంస్కరణల చట్టాలు అమలయ్యాయి. మద్రాసు రాష్ట్రపు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద ఆంధ్ర జిల్లాల్లో జమీన్లు రైత్వారీ (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) అయిపోయాయి. పాత సవరణలు చెల్లవంటే ఆ మార్పులన్నీ తలకిందులవుతాయి. ఈ చిక్కును తప్పించుకోవడానికి సుబ్బారావు అమెరికా న్యాయశాస్త్రం నుంచి ఒక సూత్రం తెచ్చారు. తీర్పు ఇకముందుకు మాత్రమే వర్తిస్తుంది, జరిగిపోయిన సవరణలు యథాతథంగా ఉంటాయి. ఫలితంగా కేసు వేసిన గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు. చరిత్రలో పేరు మిగిలింది, ఎకరాలు పోయాయి.

ఈ తీర్పును తూచేటప్పుడు మొహమాటం పనికిరాదు. పాఠ్యపరంగా దాని పునాది బలహీనమైనది. రాజ్యాంగాన్ని సవరించే అధికారాన్ని మామూలు చట్టం చేసే అధికారంతో కలిపేయడం చాలామంది న్యాయకోవిదులను ఒప్పించలేకపోయింది. అంతకంటే ముఖ్యంగా, ఆ తీర్పు నిలిచి ఉంటే దాని బరువు ఎవరి మీద పడేదో చూడాలి. ఆంధ్రప్రదేశ్ 1973లో చేసిన వ్యవసాయ భూగరిష్ఠ పరిమితి చట్టాన్ని మరుసటి ఏడాది 34వ సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూల్లో చేర్చి కోర్టు సవాళ్ల నుంచి కాపాడారు. గోలక్‌నాథ్ చట్టంగా ఉంటే అలాంటి రక్షణ కల్పించడం సాధ్యమయ్యేది కాదు. ఆ భూపరిమితి చట్టం ఎంత నీరుగారిపోయిందన్నది వేరే కథ. వజ్రవేలు మొదలియార్ కేసులోను, మెటల్ కార్పొరేషన్ కేసులోను ప్రభుత్వం తీసుకున్న ఆస్తికి సరిసమానమైన విలువ చెల్లించాలన్నట్టుగా సుబ్బారావు పట్టిన పట్టు కూడా ఈ కోవలోనిదే. రాజ్యాంగ నాలుగో సవరణ నష్టపరిహారం చాలదన్న ప్రశ్నను కోర్టు పరిధి నుంచి తప్పించాలని చూస్తే, ఆయన దాన్ని పక్కదారిలో మళ్లీ లోపలికి తెచ్చారు. ఆస్తిపరుల న్యాయమూర్తి అన్న విమర్శ ఊరికే పుట్టలేదు.

కానీ ఆ ఒక్క ముద్ర వేసి వదిలేస్తే ఖరక్ సింగ్, దేవదాసన్ తీర్పులకు అర్థం చెప్పడం కష్టం. పాత నేరారోపితుడి రాత్రి నిద్రకు, షెడ్యూల్డు కులాల అభ్యర్థి ఉద్యోగానికి అండగా నిలిచిన కలం, భూస్వామి ఎకరాలకూ అండగా నిలిచింది. వీటన్నిటిలో సుబ్బారావు అడిగిన ప్రశ్న ఒకటే: ఈ పని చేయడానికి మీకు అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, దానికి హద్దు ఏది? పౌరుడి స్వేచ్ఛకూ ఆస్తికీ మధ్య గీత గీయకపోవడం ఆయన పరిమితి. 1978లో 44వ సవరణ ఆ గీతను గీసి, ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది. ఆ తర్వాత కూడా సుబ్బారావు ప్రశ్నకు ఉన్న పదును తగ్గలేదు.

గోలక్‌నాథ్‌కు జవాబుగా, ప్రాథమిక హక్కులను సైతం సవరించే అధికారం తనకుందని చెబుతూ పార్లమెంటు 1971లో 24వ సవరణ తెచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తులు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చారు. పార్లమెంటు ప్రాథమిక హక్కులను సైతం సవరించవచ్చునన్నారు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదని 7–6 తేడాతో హద్దు పెట్టారు. సుబ్బారావు చెప్పిన కారణాలు పోయాయి. సవరణాధికారానికి ఎక్కడో ఒక హద్దు ఉండాలన్న ఆయన పట్టు మరో రూపంలో నిలిచింది. కేశవానంద మెజారిటీలో ఉన్న సిక్రీ, షెలాత్ ఇద్దరూ గోలక్‌నాథ్‌లో సుబ్బారావు పక్కన నిలబడినవారే.

గోలక్‌నాథ్ వంటి తీర్పు చెప్పి ఆరు వారాలు దాటగానే ఆయన ఎన్నికల బరిలో దిగడం అప్పుడూ ఇప్పుడూ మింగుడుపడని విషయమే. 1967 సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్ లోక్‌సభలో 283 స్థానాలకు పడిపోయింది, పలు రాష్ట్రాలను పోగొట్టుకుంది. ఉమ్మడి అభ్యర్థిని నిలబెడితే రాష్ట్రపతి పదవిని గెలవవచ్చని ప్రతిపక్షాలకు ఆశ పుట్టింది. ఆస్తి హక్కును తన సిద్ధాంతంలో కీలకంగా పెట్టుకున్న స్వతంత్ర పార్టీ ఆయనను సమర్థించిన పక్షాల్లో ఉంది. మే 6న పోలింగు జరిగింది. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి.

రాజ్యాంగం దీన్ని నిషేధించలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు తర్వాత కోర్టుల్లో వాదించకూడదని మాత్రమే 124వ అధికరణ చెబుతుంది. ఎన్నికలో నిలబడటం పౌరుడిగా ఆయన హక్కేనన్నది ఆయన్ని సమర్థించేవారి వాదన. అధికారపక్షం ఇచ్చే పదవిని అందుకోవడం కంటే, గెలుపు అనుమానమే అయిన పోటీలో ప్రతిపక్షం తరఫున నిలబడటం మేలు కదా అని కూడా అనవచ్చు. కానీ అభ్యంతరం పోటీ చేయడం మీద కాదు, సమయం మీద. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఉంటూనే రాజకీయ పక్షాలతో అభ్యర్థిత్వం గురించి ఒక అవగాహనకు వచ్చి ఉండాలి, లేకుంటే రాజీనామా మరుక్షణమే అభ్యర్థిత్వం సాధ్యం కాదు. చివరి వారాల్లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఇచ్చిన ప్రతి తీర్పునూ, సత్వంత్ సింగ్ సాహ్నీ పాస్‌పోర్టు కేసు వంటి ఉత్తమమైన తీర్పుతో సహా, అనుమానంగా చూసే అవకాశాన్ని ఆయనే విమర్శకుల చేతికి ఇచ్చారు. కార్యదర్శి విన్నదాన్ని ముఖ్యమంత్రి నిర్ణయిస్తే ఒప్పుకోని న్యాయమూర్తి, పక్షపాతం లేకపోవడమే కాదు ఉన్నట్టు కనబడనూ కూడదన్న సూత్రాన్ని తనకు తాను వర్తింపజేసుకోలేదు.

ఆ తర్వాత న్యాయమూర్తులు రాజకీయ పదవులు అందుకోవడం మనకు కొత్త కాకుండా పోయింది. 2020లో రంజన్ గొగోయ్ పదవీ విరమణ చేసిన నాలుగు నెలలకే రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 2023లో అబ్దుల్ నజీర్ విరమణ చేసిన కొద్ది వారాలకే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. 2025లో మరో తెలుగు న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి ప్రతిపక్షాల తరఫున ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయినప్పుడు చాలామందికి సుబ్బారావు గుర్తొచ్చారు. అయితే సుదర్శన్ రెడ్డి విరమణ పొంది అప్పటికి పద్నాలుగేళ్లు. ఈ రెండు పోటీల మధ్య తేడా అంతా ఆ పద్నాలుగేళ్లలోనే ఉంది.

సుబ్బారావు 1976 మే 6న కన్నుమూశారు. రాష్ట్రపతి ఎన్నికల పోలింగు జరిగిన నాటికి సరిగ్గా తొమ్మిదేళ్లు. అంతకు ఎనిమిది రోజుల ముందే, ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ కాలంలో అక్రమంగా నిర్బంధించినా, ఆ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే హక్కు లేదని ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు 4–1 తేడాతో చెప్పింది. అధికారం ఎక్కడి నుంచి వచ్చిందని అడగడమే కుదరదని ఆయన కూర్చున్న కోర్టే తేల్చిన ఎనిమిది రోజులకు ఆయన వెళ్లిపోయారు. ఆ కేసులో ఒంటరిగా ఎదురు నిలిచిన హెచ్.ఆర్. ఖన్నా పేరును, ఖరక్ సింగ్‌లో ఎదురు నిలిచిన సుబ్బారావు పేరును, గోపాలన్‌లో ఎదురు నిలిచిన ఫజల్ అలీ పేరును 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పులో న్యాయమూర్తి రోహింటన్ నారిమన్ ఒకే వరుసలో చేర్చారు. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది ఏకగ్రీవంగా చెప్పిన ఆ ధర్మాసనంలో తెలుగు న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. ఆధార్ వివాదంలో ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించిన ముగ్గురిలోనూ ఆయన ఒకరు. ఖరక్ సింగ్‌లో గోప్యతను కాదన్న భాగం ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

తెలుగు రాష్ట్రాల్లో ఖరక్ సింగ్ కథకు మరో పేరు రౌడీ షీటు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా ఒక మనిషి పేరిట షీటు తెరవడం, ఆదివారాలు స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టడం, ఎన్నికలు వచ్చినప్పుడు బైండోవర్ (గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం) చేయడం, కేసులు కొట్టేసినా షీటు మాత్రం ఏళ్ల తరబడి కొనసాగించడం ఇక్కడి పల్లెల్లోనూ పట్టణాల్లోనూ అందరికీ తెలిసిన తంతే. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి ధర్మాసనం ఈ షీట్ల వెనక శాసనాధారం లేదని, స్టాండింగ్ ఆర్డరు చట్టం కాదని, పుట్టస్వామి తీర్పు తర్వాత ఇలాంటి నిఘా చట్టం లేకుండా సాగదని చెప్పింది. అప్పీళ్ల దారిలో అలాంటి తీర్పుల గతి ఏమైనా కావచ్చు. ఆ వాదనలోని ప్రతి మెట్టూ మాత్రం 1962లో రాజమండ్రి మనిషి రాసిన ఆ మైనారిటీ తీర్పు పేజీల్లో ఉంది.